సైకిలు దిగినోడికీ ఒక దండ

ఇది కొంచెం పొడుగు పోస్టు, తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి. చదివినాక నన్ను తిట్టాలనిపిస్తే ఇక్కడే తిట్టేయండి. ఆదివారం మీటింగులో టైము తక్కువ ఉంటుంది.

నాలుగు రోజులుగా మన గ్రూపులో ఒక ఫోటో తిరుగుతోంది. నిరుడు దీపావళి అయినాక వల్లూరులో మనం పెట్టిన సైకిలు పందెం ఫోటో. వాన పడుతోంది. పిల్లోడు గీత దాటుతున్నాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది, పెదాలు నల్లబడినాయి, హ్యాండిల్ మీద చేతులు వణుకుతున్నట్టు ఫోటోలో కూడా తెలుస్తోంది. కింద ఎవరో రాసినారు: మూడు రోజుల జరంతో, జడివానలో, మూడు చుట్లు పూర్తి చేసిన మన వల్లూరు పులి. ఈ ఏడు పందేనికి పేర్లు రాయించుకోవడం మొదలైంది కాబట్టి ఆ ఫోటో మళ్ళీ బయటికి వచ్చింది. పిల్లోళ్ళలో ఉత్సాహం రావాలని పెట్టినారు. పెట్టినవాళ్ళ మనసులో చెడు లేదు. నిరుడు ఆ ఫోటో కింద రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. పైకి జరిపి చూసుకుంటే నా పేరు కనపడింది. సిగ్గేసింది.

ఆ ఫోటోలో లేనిది చెప్తాను. వాళ్ళ నాయన ఒప్పుకున్నాకే రాస్తున్నాను, పేరు మాత్రం రాయను.

పందెం ముందు మూడు రోజులు వాడికి బాగా జరం. ఒళ్ళు నొప్పులు, కళ్ళ వెనక నొప్పి. నాలుగో రోజు తెల్లారి, అంటే పందెం రోజు, జరం దిగింది. దేవుడి దయ అనుకున్నాడు. ఒళ్ళు నొప్పులకని మెడికల్ షాపులో ఒక నొప్పుల మాత్ర అడిగి తెచ్చుకొని వేసుకున్నాడు. సైకిలెక్కినాడు. మూడు చుట్లు తొక్కినాడు, నాలుగో స్థానంలో వచ్చినాడు, మనం దండ వేసినాం, ఫోటో తీసినాం, ఇండ్లకు పోయినాం. ఆ రాత్రి వాడికి కడుపునొప్పి, వాంతులు. పొద్దున్నే లేచి నిలబడబోతే కళ్ళు తిరిగి పడిపోయినాడు. డెంగ్యూ. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు, అందులో మూడు రోజులు ఐసీయూ. సోలార్ పార్కుకు గుత్తకిచ్చిన రెండెకరాల మీద వాళ్ళ నాయనకు ఏడాదికి వచ్చే డబ్బు మొత్తం అందులో పోయింది, ఇంకా చేబదులు తెచ్చినాడు. డిగ్రీ పరీక్షలు రెండు తప్పిపోయినాయి. బతికినాడు. ఇప్పుడు బాగానే ఉన్నాడు. కానీ అక్కడి డాక్టరు వాళ్ళ నాయనను ఒక మాట అడిగినాడంట: "సైకిలు తొక్కుతుంటే ఎవరూ ఆపలేదా?"

ఎవరూ ఆపలేదు. అక్కడ సంఘం బ్యాడ్జీ పెట్టుకొని పద్నాలుగు మందిమి ఉన్నాము.

డెంగ్యూలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. జరం కాస్తున్న రోజులకంటే, జరం దిగిన ఒకటి రెండు రోజులే ఎక్కువ అపాయం. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్యలో జరం తగ్గేటప్పుడు రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోతుంది, బీపీ పడిపోతుంది, ప్లేట్‌లెట్లు పడతాయి. మనం "తగ్గిపోయింది" అనుకునే రోజే డాక్టర్లు కళ్ళలో ఒత్తులు వేసుకొని చూసే రోజు. కడుపునొప్పి, ఆగని వాంతులు వస్తే పరుగెత్తాల్సిందే. ఇంకోటి, డెంగ్యూ అని అనుమానం ఉన్నప్పుడు పారాసిటమాల్ తప్ప వేరే నొప్పుల మాత్రలు వేసుకోకూడదు. డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటివి రక్తస్రావం అయ్యే అవకాశాన్ని పెంచుతాయి. పిల్లోడు సరిగ్గా ఆ రోజే సైకిలెక్కినాడు, సరిగ్గా ఆ మాత్రే వేసుకున్నాడు. వాడికి తెలీదు. మనకూ తెలీదు. కానీ వాడికి ఒంట్లో బాగా లేదని మనలో కనీసం నలుగురికి తెలుసు. మైకులో కూడా చెప్పినారు, "జరంలో కూడా వచ్చినాడు మన హుడుగ" అని. చప్పట్లు మోగినాయి.

ఆ చప్పట్లు విన్నప్పుడు నాకు చిన్నప్పటి సంగతి ఒకటి గుర్తుకు రావాల్సింది. ఆ రోజు రాలేదు. మొన్న ఆ ఫోటో మళ్ళీ చూసినాక వచ్చింది.

మనలో నలభై దాటినవాళ్ళకు తెలుసు, ఊళ్ళకు సైకిలు తొక్కేవాళ్ళు వచ్చేవాళ్ళు. ఇస్కూలు మైదానంలో నాలుగు గుంజలు పాతి, రంగు కాగితాలు కట్టి, మైకు పెట్టి, ఐదు రోజులో ఏడు రోజులో కింద కాలు పెట్టకుండా ఒకడు గుండ్రంగా తొక్కుతూనే ఉంటాడు. తిండి సైకిలు మీదే, స్నానం సైకిలు మీదే, గడ్డం గీసుకోవడం కూడా సైకిలు మీదే. సాయంత్రమైతే ట్యూబులైట్లు ఒంటి మీద పగలగొట్టుకోవడం, జుట్టుకు కట్టి రాయి ఎత్తడం. చొక్కాకు పిన్నీసుతో రూపాయి నోటు, రెండు రూపాయల నోటు గుచ్చేవాళ్ళు. నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు వచ్చినవాడికి నాలుగో రోజు జరం వచ్చింది. రాత్రి వాన కూడా మొదలైంది. వాని పెండ్లాం చంకలో బిడ్డతో సైకిలు పక్కనే నడుస్తా గొడుగు పట్టింది. ఆ గొడుగు, ఆ నడక నాకు ఇప్పటికీ కళ్ళ ముందు ఉన్నాయి. ఆమె "దిగు" అంటోంది. మైకు పట్టుకున్నాయన "ఇంకా మూడు రోజులే, జనం చూస్తాన్నారు" అంటున్నాడు. పిల్లోళ్ళం మేమంతా గుంజల చుట్టూ నిలబడి దిగొద్దు దిగొద్దు అని అరిచినాం. నాకు అప్పుడు అది భలే ఆనందంగా ఉండింది. ఏం అరుస్తున్నానో తెలిసే వయసు కాదు అని ఇప్పుడు సర్దిచెప్పుకుంటాను.

మా జేజి మాత్రం ఆ రాత్రి నన్ను ఇంటికి లాక్కుపోయి చెంప మీద ఒకటి ఇచ్చింది. "వాడు కడుపు కోసం తొక్కుతున్నాడ్రా, నువ్వు దేనికి అరుస్తున్నావు?" అనింది. తెల్లారి రాగి గంజి చెంబుతో పోసుకొని తీసుకుపోయి వాడికి ఇచ్చింది. సైకిలు మీదే తాగినాడు. వాడు దిగలేదు. దిగితే ఆ ఊళ్ళో డబ్బులు రావు కదా.

ఇక్కడే మనవాళ్ళు నాకు అడ్డం వేసే మాట తెలుసు. పెద్దాయన ఒకరు నిన్న ఫోనులో అననే అన్నారు: "మన నాయనలు జరంలో చేను దున్నలేదా? వానలో పోలేదా? ఇప్పటి పిల్లోళ్ళకు ఆ గట్టితనం నేర్పించాలంటే నువ్వు దుప్పటి కప్పుకోమంటావేం?"

నిజమే. దున్నినారు. మా నాయన పట్టుగూళ్ళ మూట సైకిలు వెనక కట్టుకొని, జరంతో, వానలో వల్లూరు నుంచి పావగడకు తొక్కుకొని పోయి, అక్కడ బస్సెక్కి హిందూపురం మార్కెట్టుకు పోయింది నాకు తెలుసు. మూట మీద యూరియా సంచి కప్పినాడు, తన మీద ఏమీ కప్పుకోలేదు. ఎందుకు పోయినాడు? గూళ్ళు ఆగవు. పది పన్నెండు రోజులు దాటితే పురుగు చిలకై గూడు తొలుచుకొని బయటికొస్తుంది, ఆ గూడును ఎవరూ కొనరు. అప్పిచ్చినాయన కూడా ఆగడు. మా నాయన జరంలో సైకిలెక్కింది గట్టితనం చూపించడానికి కాదు, ఇంకో దారి లేక. ఆయన్ను అప్పుడు ఎవరైనా "రేపు పో, గూళ్ళు నేను చూసుకుంటా" అని ఉంటే ఆయన మంచం దిగేవాడే కాదు. ఆ మాట అనేవాడు లేకపోవడం ఆయన కష్టం. ఆ కష్టాన్ని మనం ఆటగా మార్చి, పిల్లోళ్ళ మీద రుద్ది, దానికి కప్పు కూడా పెట్టినాం.

మన పందెంలో గూళ్ళు లేవు. అప్పు లేదు. వచ్చే ఏడు మళ్ళీ పెట్టుకోవచ్చు. ఆగడానికి వీలున్న చోట కూడా మనం ఆగనివ్వడం లేదు, అదే నాకు బాధ.

నేనేదో పైనుంచి చెప్తున్నానని అనుకోకండి. నేను దిగినోణ్ణే. ఈ సంగతి ఇన్నాళ్ళూ మీకెవరికీ చెప్పలేదు. బెంగళూరులో ఉద్యోగానికి పోయినాక నాకు పొడుగు సైకిలు ప్రయాణాల పిచ్చి పట్టింది. బ్రెవే అంటారు వాటిని. పందెం కాదు, ఎవరితోనూ పోటీ లేదు, గడియారంతోనే. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు 20 గంటలు, 600కు 40 గంటలు. లోపల వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. ఆరేండ్ల కిందట 300లో పేరు రాయించుకున్నాను. బెంగళూరు నుంచి పెనుకొండ దిక్కు పోయి తిరిగి రావడం. బయలుదేరేటప్పుడే గొంతు నొప్పి, ఒళ్ళు వెచ్చగా ఉంది. సాయంత్రానికి వాన పట్టింది. 200 దాటినాక కొడికొండ చెక్‌పోస్టు దగ్గర ఒక టీ అంగట్లో కూర్చున్నాను, మళ్ళీ లేవలేకపోయినాను. బ్రేకు నొక్కుదామంటే వేళ్ళు ముడుచుకోవడం లేదు. పక్కన లారీలు పోతున్నాయి. అంగడాయన నా మొహం చూసి, "సార్, బస్సులో ఏసుకొని పోతారు సైకిలు, నేను చెప్తా" అన్నాడు. ఆయన చెప్పకపోతే నేను మళ్ళీ ఎక్కేవాణ్ణే. బస్సు పైన సైకిలు కట్టించి నన్ను లోపల కూర్చోబెట్టింది ఆయనే.

ఇంటికి పోయినాక అందరితో టైరు చీలిపోయిందని చెప్పినాను. ఆరేండ్లు అదే అబద్ధం. జరం వచ్చి దిగినానని చెప్పడానికి నోరు రాలేదు. టైరు చీలితే ఎవరూ తక్కువగా చూడరు, ఒళ్ళు చీలితే చూస్తారు. ఎంత విచిత్రం కదా ఇది.

సైకిలు పందేల చరిత్ర చదవడం నాకు అలవాటు. అందులో కూడా చప్పట్లు కొట్టిన చోటే తప్పులు కనపడతాయి.

టామ్ సింప్సన్ అని ఇంగ్లండు వాడు, 1965లో ప్రపంచ ఛాంపియన్. 1967 జులై 13న టూర్ ద ఫ్రాన్స్‌లో మాంట్ వెంటూ అనే బోడికొండ ఎక్కుతున్నాడు. మనకు తెలిసిన కొండలాంటిదే, పైన చెట్టుండదు, తెల్లటి రాళ్ళు, నిప్పులు కురిసే ఎండ. అంతకు ముందు కొన్ని రోజులుగా వాడికి కడుపు చెడిపోయి ఉంది, తిన్నది నిలవడం లేదు. ఆ రోజుల్లో దారిలో ఎన్ని నీళ్ళ సీసాలు తీసుకోవాలో కూడా లెక్క ఉండేది. పైగా ఉత్తేజం కోసం యాంఫెటమిన్ మాత్రలు, మధ్యలో మద్యం. శిఖరం ఇంకో కిలోమీటరున్నర ఉందనగా తూలి పడిపోయినాడు. లేపి మళ్ళీ సైకిలెక్కించినారు. కొంచెం దూరం పోయి మళ్ళీ పడిపోయినాడు, మళ్ళీ లేవలేదు. 29 ఏండ్లు. నన్ను మళ్ళీ సైకిలెక్కించండి అని వాడు అన్నాడని ఒక మాట ప్రపంచమంతా తిరిగింది, ఇప్పటికీ తిరుగుతోంది. ఆ మాట ఒక విలేకరి అల్లిందని తర్వాత తేలింది. చూడండి, చచ్చిపోయినవాడి నోట్లో కూడా మనకు నచ్చే డైలాగే పెట్టినారు. ఆ కొండ మీద ఇప్పుడు వాడికి ఒక రాతి గుర్తు ఉంది. సైకిలు మీద పోయేవాళ్ళు అక్కడ ఆగి నీళ్ళ సీసాలు, టోపీలు పెట్టి పోతారు.

దీనికి ఎదురుగా నాకు ఎప్పుడూ చెప్పేది బెర్నార్డ్ ఇనో కథ. 1980లో లియేజ్-బాస్టోన్-లియేజ్ పందెం, బెల్జియంలో, ఏప్రిల్ నెలలో మంచు కురిసింది. 174 మంది బయలుదేరితే 21 మందే పూర్తి చేసినారు. ఇనో తొమ్మిది నిమిషాల ఇరవై నాలుగు సెకన్ల ముందు గెలిచినాడు. నేనూ ఆ కథంటే పడిచస్తాను, అబద్ధం చెప్పను. కానీ రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. వాడు ఆ రోజు జబ్బుతో లేడు, ఆరోగ్యంగా ఉన్నాడు. అయినా వాడి రెండు వేళ్ళలో స్పర్శ మళ్ళీ పూర్తిగా రాలేదు. ఇక దిగిపోయిన 153 మందిలో పిరికివాళ్ళని ఎవరినీ అనడానికి లేదు. వాళ్ళంతా అదే పని చేసుకొని బతికేవాళ్ళు, మళ్ళీ వారం ఇంకో పందెంలో తొక్కినవాళ్ళు.

నాకు ఇంకా నచ్చేది 1988 జూన్ 5 నాటి గావియా కనుమ. ఇటలీలో జిరో పందెం. కొండపైన మంచు తుఫాను. అందరికంటే ముందు కనుమ దాటినవాడు పొట్టి చేతుల చొక్కాతో ఉన్నాడు. వాని పేరు వాన్ డెర్ వెల్డె. అవతలి వైపు దిగుతూ చలికి ఆగిపోయి, ఒక బండిలోకి దూరి, చివరికి ఇంచుమించు 47 నిమిషాలు వెనకబడినాడు. ఆండీ హాంప్‌స్టన్ అనే అమెరికావాడు ఆ రోజు రెండో స్థానంలో వచ్చి మొత్తం పందెంలో ముందుకు వచ్చినాడు, చివరికి ఆ ఏటి జిరో గెలిచినాడు. వాడు గుండెధైర్యంలో మొదటివాడికంటే ఎక్కువ అని ఎవరు చెప్పగలరు? వాడి జట్టువాళ్ళు పొద్దున్నే అంగళ్ళకు పోయి ఉన్ని బట్టలు, చేతి తొడుగులు కొనుక్కొచ్చి, కొండమీద దారిలో వేడి టీతో పాటు చేతికి అందించినారు. ఆ రోజు గెలిచింది స్వెట్టరు. మన సంఘం నిరుడు కొన్నది ఏమిటి? బ్యానర్లు, దండలు, శాలువలు. శాలువలు కూడా ముఖ్య అతిథులకు. వణుకుతున్న పిల్లోడికి ఒక శాలువ కప్పాలని ఒక్కరికీ తోచలేదు.

ఇప్పుడు పెద్ద పందేలే మారిపోయినాయి. 2013 మార్చి 17న మిలాన్-సాన్‌రెమోలో మంచు పడితే, ప్రపంచంలోని పేరున్న రైడర్లందరినీ దారి మధ్యలో ఆపి బస్సులెక్కించి కనుమ అవతల దింపినారు. అక్కడి నుంచి మళ్ళీ తొక్కినారు. గెలిచినవాడి గెలుపును ఎవరూ తక్కువ చేయలేదు. తర్వాత వాతావరణం మరీ చెడితే ఏం చేయాలో ముందే కూర్చొని మాట్లాడుకోవాలని నియమం కూడా పెట్టుకున్నారు. కోట్ల రూపాయలు, టీవీలు ఉన్నవాళ్ళే ఆపుతుంటే, కప్పు ఒకటి, మిక్సీ ఒకటి బహుమతిగా పెట్టిన మనకు ఆపడానికి ఏం అడ్డం?

ఆగితే అక్కడితో అయిపోయింది అనుకునేవాళ్ళకు మన దేశం మనిషి కథ ఒకటి చాలు. శ్రీనివాస్ గోకుల్‌నాథ్, సైన్యంలో డాక్టరు. అమెరికాను ఈ చివర నుంచి ఆ చివరకు దాటే రేస్ అక్రాస్ అమెరికా, దాదాపు 4,800 కిలోమీటర్లు, పన్నెండు రోజుల్లో. 2016లో పూర్తి చేయలేక మధ్యలో ఆగిపోయినాడు. 2017లో మళ్ళీ పోయి ఒంటరిగా పూర్తి చేసిన మొదటి భారతీయుడైనాడు. 2016లో ఆగకుండా ఒళ్ళు చెడగొట్టుకొని ఉంటే 2017 ఉండేదా అని నేను అడుగుతాను.

ఇక ఒంటి సంగతి. నేను డాక్టరును కాను, కానీ నిరుటి నుంచి డాక్టర్లను అడిగి తెలుసుకున్నది రాస్తాను. జరం ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే గుండె నిమిషానికి సుమారు పది సార్లు ఎక్కువ కొట్టుకుంటుంది, మంచం మీద పడుకొని ఉన్నా సరే. దానికి తోడు సైకిలు తొక్కితే గుండె మీద రెండింతల బరువు. కొన్ని వైరస్‌లు గుండె కండరాన్నే వాపు చేస్తాయి. ఆ సమయంలో గట్టిగా శ్రమ చేస్తే గుండె లయ తప్పవచ్చు, అక్కడికక్కడే కూలిపోయినవాళ్ళు ఉన్నారు. మెడ పైన ఉన్నవి, అంటే ఉత్త ముక్కు కారడం, తుమ్ములు అయితే మెల్లగా తొక్కితే పరవాలేదు. జరం, ఛాతీలో దగ్గు, ఒళ్ళునొప్పులు, విరేచనాలు, ఇవి ఏవి ఉన్నా సైకిలు గోడకు ఆనించాల్సిందే. మాత్ర వేసుకుంటే జరం కనపడకుండా దాక్కుంటుంది, పోదు.

దీని మీద మన నేల వాతావరణం. బయటివాళ్ళు పావగడ అంటే కరువు, ఎండ అనుకుంటారు, వాన గురించి ఏం భయం అంటారు. అక్టోబరు, నవంబరులో బంగాళాఖాతంలో వాయుగుండం పట్టినప్పుడు మన దగ్గర పట్టే ముసురు వాళ్ళకు తెలీదు. చలిగాలి, సన్న తుంపర, రెండు మూడు రోజులు సూర్యుడు కనపడడు. సోలార్ పార్కు వచ్చినాక ఇంకో మార్పు వచ్చింది, దాన్ని మనం పందెం దారి గీసేటప్పుడు ఆలోచించలేదు. 13,000 ఎకరాలు. తిరుమణి దిక్కు పోయే ఆ రోడ్లు మంచివే, అందుకే అక్కడ పెట్టినాం. కానీ వెనకటిలాగా దారి పక్కన చింతచెట్టు, వేపచెట్టు, బావి దగ్గర గుడిసె ఏవీ లేవు. రెండు పక్కలా కంచె, కంచె అవతల పలకలు. గాలి ఎదురైతే ఎదురే. ఉరిమినా, మెరిసినా, కళ్ళు తిరిగినా పిల్లోడు ఎక్కడ నిలబడాలి? నిరుడు ఆ దారిలో మనం పెట్టింది ఒక నీళ్ళ డ్రమ్ము. వానలో నీళ్ళ డ్రమ్ము!

"ఇట్లా దిగనిస్తే ప్రతివాడూ నెపం చెప్పి దిగిపోతాడు" అని యువజన విభాగం తమ్ముళ్ళు అంటున్నారు. దిగనీ అంటాను. నెపంతో దిగినవాడికి వచ్చే నష్టం ఏమీ లేదు, మనకూ లేదు. నిజంగా జబ్బున్నవాడు ఎగతాళికి భయపడి దిగకపోతే వచ్చే నష్టం ఎంతో తొమ్మిది రోజులు ఆసుపత్రి వరండాలో పడుకున్న వాళ్ళ నాయన్ను అడగండి. నెపం పెట్టేవాణ్ణి పట్టుకోవడానికి మనం పందెం పెట్టలేదు కదా.

ఆదివారం నేను అడగబోయేది ఇది, ముందే చెప్తున్నాను. పేరు రాయించుకొని జబ్బు చేస్తే కట్టిన రుసుము వచ్చే ఏటికి అదే పేరు మీద ఉండాలి. నిరుడు పిల్లోడు నాతో అన్నాడు, "రెండు వందల యాభై కట్టినాను కదన్నా" అని. ఆ రెండు వందల యాభై కూడా వాణ్ణి సైకిలెక్కించింది. పొద్దున బయలుదేరే చోట ఒక నర్సక్క థర్మామీటరు పెట్టి కూర్చోవాలి. జరం ఉన్నా, వారంలో వచ్చి తగ్గినా, ఆమె వద్దంటే వద్దే, అధ్యక్షుల వారి మనవడైనా సరే. మలుపుల దగ్గర నిలబడే మనవాళ్ళకు ఆపే అధికారం ఇవ్వాలి, చప్పట్లు కొట్టే పని మాత్రమే కాదు. ఉరుములు వస్తే పందెం ఆ రోజుకు లేదు, మిక్సీ ఎక్కడికీ పోదు. ఇక దారిలో ఆగి, నాకు బాగాలేదు అని చేయెత్తినవాణ్ణి వ్యానులో తీసుకొచ్చి వేదిక ఎక్కించి, గెలిచినవాడితో పాటు వాడికీ దండ వేయాలి. పేరు మైకులో చదవాలి. దీనికి నవ్వేవాళ్ళు నవ్వుతారు. మొదటి ఏడు నవ్వుతారు.

ఆ ఫోటో మాత్రం దయచేసి తీసేయండి. పెట్టిన తమ్ముడికి నేను విడిగా ఫోను చేస్తాను, ఆయన మీద కోపం లేదు. దాని కింద నేను పెట్టిన చేతులు జోడించిన బొమ్మ నిన్న రాత్రే తీసేసినాను.

పిల్లోణ్ణి మొన్న పావగడ బస్టాండులో కలిసినాను. ఈ ఏడు తొక్కుతావా అని అడిగితే తల అడ్డంగా ఊపినాడు. "తొక్కనన్నా. తిరుమణి మలుపు కాడ నిలబడతా, ఆ మలుపు కాన్నించే నాకు కళ్ళు మసకలు కమ్మినాయి" అన్నాడు. అక్కడికి వాడికి ఒక ఈల, ఒక ఎర్ర గుడ్డ, ఫ్లాస్కులో వేడి నీళ్ళు, ఓ పది దుప్పట్లు కావాలి. దుప్పట్లు మా ఇంట్లో మూడు ఉన్నాయి, ఉతికినవే. మిగిలిన ఏడు ఎవరు తెస్తారో కింద రాయండి.